ప్రిస్కిల్లా టీచరు సంజాయిషీ

కళింగపట్నం దాటి సరుగుడు తోటల వెనక్కి తిరిగితే ఒక చిన్న మత్స్యకారుల పేట వస్తుంది. అక్కడ ముప్పై దాటిన ఏ మగవాడిని పలకరించినా, లుంగీ కాస్త పైకి మడిచి, తొడ మీద ప్రిస్కిల్లా టీచరు పెట్టిన గుర్తు చూపిస్తానంటాడు. గుర్తు ఎప్పుడో మాసిపోయింది, కబుర్లు మాత్రం మాసిపోలేదు. వేరావల్ బోట్ల మీద పనికి పోయి ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌లోనే గడిపేవాళ్ళు కూడా, ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకోవాలంటే ఆవిడ తొడపాశాన్నే తలుచుకుంటారు. ఏడో ఎక్కం తప్పితే ఎడమ తొడ, ఎనిమిదో ఎక్కం తప్పితే కుడి తొడ. ఇందులో పక్షపాతం లేదు. సర్పంచి కొడుకైనా, చేపల బుట్ట మోసే మనిషి మనవడైనా ఆవిడకి ఒకటే.

ఆవిడకి ఈ విద్య తల్లి నుంచి వచ్చింది. తల్లి ఏసమ్మ బాప్టిస్టు మిషన్ బడిలో పంతులమ్మ. ఆదివారం ప్రార్థనలో కునికిపాట్లు పడితే కూతురని కూడా చూసేది కాదు, గౌను అంచు కింద నుంచి చెయ్యి పోనిచ్చి తొడ మెలిపెట్టేది. ఆ నొప్పికి నిద్ర వదిలేది, కంట నీళ్ళు వచ్చేవి, వాక్యం నోటికి వచ్చేది. అలా వచ్చినవన్నీ ఈనాటికీ మరిచిపోలేదని ప్రిస్కిల్లా టీచరు గర్వంగా చెప్పుకొనేది. ఉద్యోగం వచ్చి మొదటిసారి ఈ పేట బడిలో చేరినప్పుడు, తల్లులు కూడా పిల్లల్ని అప్పజెప్తూ కళ్ళు రెండూ వదిలేసి మిగతాదంతా మీ ఇష్టం అనేవారు. ఆవిడ ఆ మాటని ఆర్డరు కాగితంలా దాచుకుంది.

బడుల్లో పిల్లల్ని కొట్టకూడదని చట్టం వచ్చినప్పుడు, మండలంలో అందరికన్నా ముందు బెత్తం విరిచి పొయ్యిలో పెట్టింది ఆవిడే. తొడపాశాన్ని మాత్రం కొట్టడం కింద లెక్కేసుకోలేదు. బెత్తమంటే కంటికి కనిపించే వస్తువు, వేళ్ళు చేతికే ఉంటాయి కదా. మనిషికి తన అలవాటు మీద ఉన్నంత దయ ఇంకెవరి మీదా ఉండదు. మధ్యలో బదిలీ మీద రెండు మూడు ఊళ్ళు తిరిగి, నాలుగేళ్ళ కిందట కోరి మళ్ళీ ఈ పేటకే వచ్చింది. తను చదువు చెప్పినవాళ్ళ పిల్లలకే చదువు చెబుతూ, ఇంకో నాలుగేళ్ళలో ఇక్కడే రిటైరవుదామనుకుంది.

నాలుగో తరగతిలో హేమ అని ఒక పిల్ల ఉంది. తండ్రి వేరావల్‌లో బోటు మీద ఉంటాడు. తల్లి దేవి ఒడ్డున చేపలు ఎండబెట్టే పనికి పోతుంది. పిల్లని నిజంగా పెంచేది నాయనమ్మ అసిరమ్మ. నెత్తి మీద బుట్ట పెట్టుకుని గార ఊరి దాకా ఇంటింటికీ చేపలు అమ్మే మనిషి. ఆ కార్తీకంలో హేమ కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లంటే ఆ పేటలో మందు ఒకటే. పక్క ఊళ్ళో ఒక ముసలాయన పసుపు కొమ్ము నిప్పుల్లో కాల్చి ముంజేతి మీద వాత పెడతాడు. అసిరమ్మకి వాళ్ళ అమ్మ పెట్టించింది, అసిరమ్మ తన కొడుక్కి పెట్టించింది, ఇప్పుడు మనవరాలికీ పెట్టించుకొచ్చింది.

ఇలా వాతలు పెట్టిస్తే కేసు అవుతుందని ఆరోగ్య కేంద్రం వాళ్ళు అంతకుముందే ఇంటింటికీ తిరిగి హెచ్చరించారు. వాత పెట్టించిన వారానికి నర్సు పేటలోకి వచ్చి, హేమ చేతి మీద శనగ గింజంత పుండు చూసి, ఇదేమిటని అడిగింది. పిల్ల నాయనమ్మ మొహం చూసింది. నాయనమ్మ మొహంలో రంగు లేదు. పిల్ల బళ్ళో అయిందని చెప్పింది. నర్సు ఎవరు చేశారని మళ్ళీ అడిగితే, టీచరమ్మ అంది.

నర్సు మంచిదే. పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళి మందులు ఇప్పించింది, కామెర్లు తగ్గాయి. తన ధర్మం ప్రకారం పుండు ఫొటో తీసి పై అధికారులకి పంపింది. ఆ ఫొటో అక్కడ ఆగకుండా సాయంత్రానికి జిల్లాలో ఉన్న ఫోన్లన్నీ తిరిగొచ్చింది. మర్నాటికి మధ్యాహ్న భోజనం వండే గరిటె కాల్చి వాత పెట్టిందన్నారు. ఆ మర్నాటికి గరిటె పొడవు కూడా చెప్పారు. మూడో రోజున ప్రిస్కిల్లా టీచరు చేతికి సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది. వెనకే ఛార్జి మెమో వచ్చింది. అందులో అభియోగాలు రెండు. ఒకటి, విద్యార్థినిని కాల్చడం. రెండు, విద్యార్థులను తరచు శారీరకంగా దండించడం. పది రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

సంజాయిషీ రాసిపెట్టింది యుగంధర్. బడిలో రెండో టీచరు, ఉపాధ్యాయ సంఘంలో తిరిగినవాడు, ఇలాంటి కాగితాలు రాయడంలో చెయ్యి తిరిగినవాడు. రెండు అభియోగాలూ నిరాధారమని రాశాడు. విచారణలో అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాలనీ, అడగనిది ఒక్క ముక్క కూడా మాట్లాడొద్దనీ పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఆవిడ తలూపి సంతకం పెట్టింది. వాత తను పెట్టలేదు. ఆ కోపంలో రెండో అభియోగం మీద ఆవిడ కళ్ళు నిలవనే లేదు.

ఆ రోజుల్లో ఆవిడ ఏడవలేదు, మండిపడింది. చర్చిలో పలకరించినవాళ్ళ మీద మండిపడింది. ధైర్యంగా ఉండమన్న భర్త ఏసురాజు మీద మండిపడింది. ఇరవై ఏడేళ్ళు చాకిరీ చేస్తే, ఒక్క మనిషైనా ఈవిడ అలాంటిది కాదని అనుకోలేదేమని రాత్రీ పగలూ అదే మాట. ప్రతి మంగళవారం గుమ్మంలో బుట్ట దించే అసిరమ్మ కూడా మూడు వారాలుగా ఆ వీధిలోకి రాలేదు. నాలుగో మంగళవారం వచ్చింది. బుట్ట లేకుండా వచ్చింది.

"నానే పెట్టించినాను టీచరమ్మా," అంది గుమ్మం బయటే నిలబడి. "కేసు ఎడతారని గుంట బెదిరిపోయి బళ్ళో అనేసినాది. నాను పక్కనే ఉన్నాను. కాదని నోరు తెరవలేకపోయినాను."

ప్రిస్కిల్లా టీచరుకి తలుపు మొహం మీద వేసేద్దామనిపించింది. వెయ్యలేదు. అన్ని రోజులుగా లోపల తిరుగుతున్న మాటే నోట్లోంచి వచ్చింది.

"పసిపిల్ల ఏదో అంది, సరే. ఊరు ఊరంతా ఎలా నమ్మేసింది అసిరమ్మా?"

అసిరమ్మ ఆవిడ వైపు వింతగా చూసింది.

"నమ్మరేటి మరి?" అంది.

విచారణలో జరిగింది జరిగినట్టు చెబుతాననీ, తన మీద కేసు పెట్టుకుంటే పెట్టుకోమనీ చెప్పి వెళ్ళిపోయింది. ఆ రోజంతా టీచరు తేలిక పడింది. ఉద్యోగం నిలిచిందని ఏసురాజు పాయసం చేయించాడు. అయితే అసిరమ్మ అన్న ఆ రెండు మాటలూ గొంతులో ముల్లులా ఉండిపోయాయి, పాయసంతో దిగలేదు.

విచారణ శనివారం బడిలోనే జరిగింది. పక్క డివిజను నుంచి జగన్నాధంగారని విచారణాధికారి వచ్చారు. నెమ్మదైన మనిషి, ప్రతి మాటా సొంత చేత్తో రాసుకునే మనిషి. అసిరమ్మ అన్నమాట నిలబెట్టుకుంది. ముసలాయన పేరు, ఊరు, పసుపు కొమ్ము, ఏ వారం వెళ్ళిందీ అన్నీ చెప్పి వేలిముద్ర వేసింది. ఆసుపత్రి కాగితం దానికి సరిపోయింది. మొదటి అభియోగం పావుగంటలో ఎగిరిపోయింది. యుగంధర్ వెనక బెంచీలోంచి టీచరుకి కళ్ళతోనే శుభాకాంక్షలు చెప్పాడు.

మిగిలింది రెండోది. జగన్నాధంగారు తల్లుల్ని అడిగారు. మా టీచరు పిల్లల మీద ఈగ వాలనివ్వదన్నారు. పిల్లల్ని వరసగా పిలిచి, టీచరు ఎప్పుడైనా కొట్టారా అని అడిగారు. లేదు సార్ అని ఒకడు, లేదు సార్ అని ఇంకొకడు. అందరిదీ ఒకటే రాగం. ముందు రోజు సాయంత్రం దేవి, ఇంకో ఇద్దరు తల్లులూ చేపలు ఆరబెట్టిన చోటే పిల్లల్ని కూర్చోబెట్టి ఆ రెండు ముక్కలూ వల్లె వేయించారు. టీచరుకి జరిగిన అన్యాయానికి పేట తీర్చుకుంటున్న రుణం అది. ప్రిస్కిల్లా టీచరుకి ఆ సంగతి తెలియదు, కానీ వల్లె వేయించిన పాఠం చెవిన పడితే గుర్తుపట్టలేనిది కాదు.

చివర హేమ వచ్చింది. నిన్నెప్పుడైనా కొట్టారా అమ్మా అని ఆయన అడిగారు. పిల్ల లేదు సార్ అంది. అంటూ ఎడమ చెయ్యి గౌను మీంచి తొడకి అదుముకుంది. అదుముకుని, టీచరు వైపు చూసింది. ఎక్కం అప్పజెప్పి, సరిగ్గా చెప్పానా లేదా అని చూసే చూపు అది.

నమ్మరేటి అన్న అసిరమ్మ మాట ప్రిస్కిల్లా టీచరుకి అప్పుడు అర్థమయింది. నర్సు అడిగినప్పుడు ఆ పిల్ల అబద్ధం కోసం ఎక్కడా వెతుక్కోలేదు. ఒంటికి నొప్పి ఎక్కడ తగులుతుందంటే, బడి అని తనకి తెలిసిన చోటే చెప్పింది. విన్నవాళ్ళు నమ్మింది కూడా అందుకే. తనని ఎవరూ ఎరగరని ఇన్నాళ్ళూ కుమిలిపోయింది గాని, పేట తనని బాగానే ఎరుగును.

జగన్నాధంగారు రెండో అభియోగం రుజువు కాలేదని రాయబోతుండగా ఆవిడ లేచి నిలబడింది. యుగంధర్ వద్దని చెయ్యి ఊపాడు.

"వాత నేను పెట్టలేదండీ. తొడపాశం పెట్టాను. ఈ పిల్లకే ఆ నెలలో రెండుసార్లు పెట్టాను. ఇప్పుడు లేదన్న పిల్లలందరికీ పెట్టాను."

ఆయన కలం ఆపారు. "టీచరుగారూ, మీ సంజాయిషీలో అలా లేదు. సాక్షులెవరూ అలా చెప్పలేదు. ఇది నేను రాయక్కర్లేదు."

"రాయండి సార్. నేను రాసిచ్చిన దాంట్లో సగం అబద్ధం. ఆ అబద్ధం నిలబెట్టడానికి పిల్లలు అబద్ధం నేర్చుకొచ్చారు. ఇంతవరకూ నేను నేర్పినవాటిలో ఇది కలవకూడదు."

ఆయన రాశారు. చదివి వినిపించారు. ఆవిడ సంతకం పెట్టింది.

బయటికి వస్తే అసిరమ్మ గోడ పక్కన నిలబడి ఉంది. మొహం ఎర్రగా ఉంది.

"ఏటి టీచరమ్మా నువ్వు? నీ కోసం ఊరంతా అబద్ధమాడితే, నువ్వెళ్ళి నిజం సెప్పేస్తావేటి? మేం ఏటైపోవాల?"

టీచరు అసిరమ్మ చెయ్యి పట్టుకుంది. అసిరమ్మ విడిపించుకుని, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి పక్కన నిలబడింది. తరవాత అసిరమ్మ మీద కేసూ గీసూ ఏమీ కాలేదు, హెచ్చరించి వదిలేశారు.

నెల తరవాత ఆర్డరు వచ్చింది. మొదటి అభియోగం కొట్టేశారు. రెండోది ఆవిడ వాంగ్మూలంతోనే రుజువైంది కాబట్టి ఒక ఇంక్రిమెంటు ఆపి, తిరిగి విధుల్లోకి తీసుకున్నారు. సర్వీసు రిజిస్టరులో ఆ శిక్ష గురించి ఎర్ర సిరాతో పడిన నాలుగు వాక్యాలు రిటైరయ్యేదాకా ఆవిడ వెంట ఉంటాయి. యుగంధర్ వారం రోజులు మాట్లాడలేదు, తరవాత తనే టీ తెచ్చి ఇచ్చాడు.

మళ్ళీ బడిలో చేరిన రోజున నాలుగో తరగతిలో ఏడో ఎక్కమే అప్పజెప్పించుకుంది. హేమ వంతు వచ్చింది. ఏడేళ్ళు నలభై తొమ్మిది దాకా గడగడా వచ్చి, ఏడెనిమిదులు దగ్గర ఆగిపోయింది. ఆగగానే ఎడమ చెయ్యి తొడ మీదికి పోయింది. ప్రిస్కిల్లా టీచరు కుర్చీలోంచి లేచింది. ఆవిడ లేవడం చూసి తరగతంతా బిగుసుకుపోయింది. ఆవిడ వచ్చి, మోకాళ్ళ నొప్పితో మెల్లగా హేమ ఎదురుగా నేల మీద కూర్చుంది. రెండు చేతులూ తన ఒళ్ళో, పిల్లకి కనిపించేలా పెట్టుకుంది. తొందర లేదు, ఆలోచించుకో అంది.

పిల్ల ఆ చేతుల వైపు చూస్తూ ఆలోచించింది. పక్కవాళ్ళెవరూ అందివ్వలేదు. చాలాసేపటికి యాభై ఆరు అంది.

టీచరు మంచిదమ్మా అంది. పిల్ల నవ్వింది. తొడ మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.