ఫొటోలో మోచెయ్యి

పలాసలో మా వేసవి సంగీత శిక్షణ జరిగే హైస్కూలు హాలులో గుమ్మం పక్కన మొదటి ఏడాది తీసిన ఫొటో ఒకటి వేలాడుతూ ఉంటుంది. కింద అట్టముక్క మీద ‘శిక్షణ వెనుక ఉన్నవారు’ అని రాశారు. మధ్య కుర్చీలో శిక్షణ కమిటీ అధ్యక్షులవారు. అటూ ఇటూ జీడిపప్పు మిల్లుల యజమానులు, విశాఖపట్నం నుంచి వచ్చిన కుర్ర డైరెక్టరు, మైకు సెట్టు ఆయన, ఆఖరికి టీలు తెచ్చిన ఆయన. అందరి భుజాల మీదా శాలువాలే. ఎడమ అంచున, ఫ్రేము కోసేసిన చోట, హార్మోనియం పెట్టె మీద ఆనిన మోచెయ్యి ఒకటి కనిపిస్తుంది. అది నాది.

“అమ్మా, కొంచెం అటు జరుగుతారా, పెట్టె అడ్డొస్తోంది” అన్నాడు ఫొటో తీసినతను. జరిగాను. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం జరిగాను.

అంతకు పావుగంట ముందే శాలువాలు కప్పడం అయింది. నా వంతు వచ్చేసరికి పళ్లెం ఖాళీ. అధ్యక్షులవారు రిటైరైన హెడ్మాస్టరు, ఎప్పుడూ నవ్వు ముఖం. మైకులోనే అన్నారు, “ఆవిడ మనింటి మనిషి. ఆవిడేం అనుకోరు.” జనం చప్పట్లు కొట్టారు.

అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

మా వైపు సభల్లో ఇదొక పద్ధతి. బయటివాళ్లకి ముందు, మనవాళ్లకి తర్వాత. ఆ తర్వాత అనేది రాదు. పెళ్లిళ్లలో వడ్డించేవాళ్ల విస్తట్లోకి ఏం మిగులుతుందో తెలిసిందే.

నేను హార్మోనియం నేర్చుకున్నది మా ఊరు టెక్కలి చర్చిలో, చిన్నతనంలో. ఆదివారాలు ఇప్పటికీ అక్కడ వాయిస్తాను. ఆ మొదటి ఏడాది శిక్షణ జరిగిన నలభై రోజులూ పొద్దున్న బస్సుకి పెట్టె మోసుకుంటూ పలాస వెళ్లాను. కండక్టరు సణుగుతాడు, నేను ఒళ్లో పెట్టుకుంటాను. మొదటి రోజు ప్రతి పిల్లనీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏ మెట్టు దగ్గర వాళ్ల గొంతు హాయిగా కూర్చుంటుందో వెతికేదాన్ని. దాన్నే మేం శ్రుతి అంటాం. ఒకరి శ్రుతి ఇంకొకరికి పనికిరాదు. ఈ పని బయటికి కనిపించదు. కనిపించేది తర్వాత పిల్లలు పాడినప్పుడు. అప్పుడు చప్పట్లు డైరెక్టరుకి.

రెండో ఏడాది అక్కుపల్లి నుంచి ఒక పిల్ల వచ్చింది. తండ్రి పడవ మీద వేటకి వెళతాడు, తల్లి చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. పిల్ల అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసింది. మంద్రమైన గొంతు. మిగతావాళ్లు మగగొంతని వెక్కిరించారు. ఆడపిల్లలకి మామూలుగా ఐదున్నర శ్రుతి పెడతారు. నేను దించుకుంటూ నాలుగు దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల కళ్లు మూసుకుంది. ఆ గొంతుతో గది నిండిపోయింది. వెక్కిరించినవాళ్లు నోళ్లు మూశారు.

ఆఖరి రోజు ప్రదర్శన చూడటానికి విశాఖపట్నం సంగీత కళాశాల వాళ్లు వస్తారు. ఒక్కరిని ఎంచుకుంటారు. హాస్టలు, తిండి, చదువు అన్నీ వాళ్లవే. ఎంపికైతే సరే, లేకపోతే రొయ్యల కంపెనీకి వెళ్లాల్సిందేనని తల్లి ముందే చెప్పిందట. పిల్ల ఆ సంగతి నాకు ఏడవకుండా చెప్పింది.

డైరెక్టరు అన్ని పాటలకీ వైజాగ్‌లో ట్రాక్ చేయించుకొచ్చాడు. వెనక సంగీతమంతా రికార్డులో వస్తుంది, పిల్లలు పాడుకుంటూ పోవడమే. అన్నీ ఐదున్నరలోనే.

“ఈ పిల్లకి ఆ ట్రాక్ పనికిరాదు” అన్నాను.

“కొంచెం ట్రై చేస్తే ఎక్కుతాది మేడమ్.”

“గొంతంటే కొబ్బరిచెట్టా నాయనా, ట్రై చేస్తే ఎక్కడానికి?”

పిల్లలు పకపకా నవ్వారు. అతని ముఖం ఎర్రబడింది. చివరికి ఆ పిల్ల పాట ఒక్కటి నా హార్మోనియంతో ఉండేలా ఒప్పుకున్నాడు. అంటే ఆ పిల్ల పాట నా చేతుల్లో ఉంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు.

నాలుగు రోజుల ముందు ఆహ్వాన పత్రం వచ్చింది. పేర్లన్నీ చదివాను. మైకు సెట్టు ఉంది, షామియానా ఉంది. ‘సంగీతం: రికార్డింగ్ ట్రాక్’ అని ఉంది. ట్రాక్‌కి చోటు దొరికింది, నాకు దొరకలేదు. నేరుగా అధ్యక్షులవారింటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని ముంజలు తింటున్నారు.

“అయ్యో, మనింటి మనిషివి కదమ్మా. నీ పేరు వెయ్యకపోతే మాత్రం తెలియనివాళ్లెవరు?”

“అందరికీ తెలిసినవాళ్ల పేర్లు తీసెయ్యాలంటే ముందు మీది తీసెయ్యాలి.”

ఆయన నవ్వుతూనే ఇంకో ముంజ అందుకున్నారు. నేను హాలుకి వెళ్లి హార్మోనియం తీసుకుని ఇంటికి వచ్చేశాను.

ప్రదర్శన రోజు పొద్దున్న అధ్యక్షులవారి కారు వచ్చింది. డ్రైవరు గుమ్మంలో నిలబడ్డాడు. “సారు రమ్మన్నారమ్మా. పెట్టె కూడా ఎట్టుకొచ్చీమన్నారు.”

“మీ సారునే రమ్మను.”

“ఆలకి గెస్టులున్నారమ్మా, ఎలాగొత్తారు?”

“నేను గెస్టుని కాను కదా, నేనూ రాను.”

కారు వెళ్లిపోయింది. మధ్యాహ్నం నేనే బస్సెక్కి వెళ్లాను, చేతులూపుకుంటూ. నాలుగో వరసలో అందరికీ కనిపించేలా కూర్చున్నాను. ఇంటి తాళం పక్కింటివాళ్లకి ఇచ్చే వచ్చాను. అధ్యక్షులవారు నా దగ్గరికి వచ్చి ఒక్క మాట అడిగితే చాలు, కారు టెక్కలి వెళ్లి పెట్టె తెచ్చేసేది. అంతా లెక్క వేసుకునే వెళ్లాను. ఆయన ముందు వరసలో కళాశాల వాళ్లకి కొబ్బరిబోండాలు అందిస్తున్నారు. వెనక్కి ఒక్కసారి చూశారు, చెయ్యి ఊపారు. అంతే.

ఆ పిల్ల వేదిక మీదికి వచ్చి ముందుగా ఎడమవైపు చూసింది. అక్కడ నాకోసం పరిచిన చాప ఉంది. తర్వాత జనంలోకి చూసింది. నేను కనిపించాను. ట్రాక్ మొదలైంది.

పల్లవి ఎలాగో లాక్కొచ్చింది. చరణంలో పై స్థాయికి వెళ్లాల్సిన చోట గొంతు చీరుకుపోయింది. కిందికి దిగి అందుకోబోయింది. రికార్డు ఆగదు కదా, దాని దారిన అది పోయింది. వెనక వరసల్లో ఎవడో ఈల వేశాడు. నా వేళ్లు మోకాలి మీద నాలుగు శ్రుతి మెట్టు నొక్కుతూనే ఉన్నాయి. పిల్ల మధ్యలో ఆపి, దణ్ణం పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ట్రాక్ మాత్రం ఆఖరిదాకా మోగింది. కళాశాల వాళ్లు వేరే పిల్లని ఎంచుకున్నారు. మంచి పిల్లే, ఆమె మీద నాకేం లేదు.

ఈ ఏడాది శిక్షణ మొదలయ్యే ముందే ఆహ్వాన పత్రం అధ్యక్షులవారే స్వయంగా ఇంటికి తెచ్చారు. రెండో వరసలో నా పేరు, పెద్ద అక్షరాల్లో. “ఇప్పుడు సంతోషమేనా అమ్మా?” అన్నారు. నేను దాంతోపాటు ఇచ్చిన, ఈసారి చేరిన పిల్లల జాబితా చూశాను. రెండుసార్లు చూశాను, ఆ పిల్ల పేరు లేదు. మర్నాడు అక్కుపల్లి వెళ్లాను.

తల్లి ఇసకలో ఎండబెట్టిన చేపలు తిరగేస్తోంది. “ఏటి టీచరమ్మా, ఇలాగొచ్చినారు?”

“పిల్లని ఈసారి కూడా పంపించు. దగ్గరుండి నేనే వాయిస్తాను.”

“నిరుడు ఎక్కడున్నారు?”

చెప్పడం మొదలుపెట్టాను. ఫొటో, శాలువా, ఆహ్వాన పత్రం, కారు. వరసగా చెప్పాను. నాకు ఒక్కటీ మరపు రాదు. ఆవిడ చేపలు తిరగేస్తూనే వింది.

“అయితే మీ పేరెయ్యనేదని మా పిల్లని ఒగ్గీసినారా?”

“వాళ్లు నన్ను...”

“ఆల మీద కోపమైతే ఆలని తిట్టండి, ఆల గుమ్మంలో కూకోండి. మద్దిన నా పిల్లేటి సేసింది?”

పిల్ల గుడిసెలోంచి మంచినీళ్లు తెచ్చింది. తలకి కంపెనీ వాళ్ల నీలం టోపీ పెట్టుకుని ఉంది. గ్లాసు అందుకున్నాను గానీ తాగలేకపోయాను. “ఆ రోజు నేను పెట్టె తేవలసింది” అన్నాను. నా జీవితంలో ఇలాంటి మాట ఇంకెవరితోనూ అనలేదు.

పిల్ల నవ్వింది. “పరవానేదు టీచర్. మీరు మనింటి మనిషే కదా. నానేటనుకుంతాను?”

రోడ్డు మీద కంపెనీ వ్యాను హారన్ కొట్టింది. జుట్టు టోపీలోకి దోపుకుంటూ పరుగెత్తింది.

ఏమీ అనుకోనని ఆ పిల్ల అంది. అనుకుంటుంది. ఆ మాట అనిపించుకుని నేను ఎన్నాళ్లుగా అనుకుంటున్నానో నాకు తెలుసు.