ఉత్ప్రేక్షకు ఉదాహరణ

వీధిలో అందరూ ఆయన్ని అలంకారం మాస్టారనే పిలిచేవారు. పరీక్షల పిల్లల కోసం ఆయన రాసిన అలంకారాల గైడు ఏటా అచ్చయ్యేది. ప్రూఫులు దిద్దే చాకిరీ మాత్రం భార్యది. ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ పట్టే మాస్టారికి తన తప్పు ఒక్కటీ కంటికి ఆనేది కాదు మరి.

ఎవరు నోరు తెరిచినా అందులోంచి ఓ అలంకారాన్ని బయటికి లాగి, దాని పేరు చెప్పి మురిసిపోయేవాడు. చెప్పిన సంగతేమిటన్నది ఆయనకు అక్కర్లేదు. ఓసారి కింది వాటా ఆవిడ తడిసిన బట్టలతో మెట్లెక్కి వచ్చింది.

"మాస్టారూ, మీ కుళాయి కట్టండి! మా వంటింట్లో నీళ్ళు ఏరులా పారుతున్నాయి."

"ఉపమ," అన్నాడు కళ్ళద్దాలు సర్దుకుంటూ. "నీళ్ళు ఉపమేయం, ఏరు ఉపమానం, పారడం సమానధర్మం. మీకు తెలియకుండానే ఎంత చక్కగా కుదిరిందో చూశారా!"

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, తనే లోపలికెళ్ళి కుళాయి కట్టేసి పోయింది.

కాపురానికొచ్చిన కొత్తలో భార్యకూ ఇదంతా సరదాగానే ఉండేది. తర్వాత్తర్వాత, "తల పగిలిపోతోందండీ" అని ఆమె అంటే, "అతిశయోక్తి" అని, పగల్లేదుగా అన్నట్టు తల వంక చూసేవాడు. నవ్వడం మానేసింది.

ఆ వేసవిలో ప్రూఫులు చూస్తుంటే ఆమె కుడికంట్లో మెరుపులు మెరిశాయి. తర్వాత దోమలు ఎగురుతున్నట్టు నల్లటి చుక్కలు. చెబితే "ఊఁ" అన్నాడు. ఓ పొద్దున పేజీ సగం మాయమైంది.

"ఏవండీ, ఈ పక్కనుంచి కంటికి తెర దిగినట్టుందండీ."

మాస్టారి ముఖం విప్పారింది. ఇన్నాళ్ళకు తన గోడు చెవిన పడిందని ఆమె పొంగిపోయింది.

"ఏదీ, మళ్ళీ చెప్పు?"

"తెర దిగినట్టుంది."

"ఉత్ప్రేక్ష! లేని తెరను ఉన్నట్టు ఊహించావు. నా ఉదాహరణలన్నీ పాచిపోయాయి. ఇది గైడులో పెడతా."

"డాక్టరు దగ్గరికి..."

"అచ్చుకిచ్చేశాక వెళ్దాంలే. రెండో కన్ను బాగానే ఉందిగా."

వారం తిరిగాక, బస్సు డ్రైవరుగా పనిచేసే ఆమె తమ్ముడు చూడ్డానికొచ్చాడు. అక్క కప్పులో పోయాల్సిన టీ బల్లమీద పోసింది. వాడు ఇంకేమీ అడక్కుండా ఆమెను కంటి ఆసుపత్రికి బయల్దేరదీశాడు. ప్రూఫులు చంకనపెట్టుకుని మాస్టారూ వెంట వెళ్ళాడు.

"ఏమైందమ్మా?" అంది డాక్టరు.

ఆమె భర్త వంక బెదురుగా చూసింది. "కంటికి... తెర దిగినట్టు..."

డాక్టరు చేతిలో కలం ఆగింది. "ముందు మెరుపులొచ్చాయా? దోమల్లాంటి చుక్కలు?"

"వచ్చాయి."

"కంటి లోపలి పొర ఊడితే అందరూ సరిగ్గా ఈ మాటే చెప్తారమ్మా. వెంటనే రావాలి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పాను. ఉత్ప్రేక్ష అన్నారు."

డాక్టరుకు అర్థం కాలేదు. తమ్ముడికి అయింది.

"కన్ను పోయాక దానికేం పేరు పెడతావు బావా?"

మాస్టారు నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

ఆపరేషనైతే చేశారు గానీ, ఆ కంటికి వెలుగూ చీకటీ తేడా తెలియడమే మిగిలింది. కట్టు విప్పిన కొన్నాళ్ళకు మాస్టారు ఆగిపోయిన ప్రూఫులు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "మెల్లగానే చూడు, తొందరేం లేదు" అని దయతలిచాడు కూడా.

ఆమె ఎడమకంటితో వెతికి, "కంటికి తెర దిగినట్లున్నది" అన్న వాక్యం మీద ఎర్రగీత కొట్టింది.

"అయ్యయ్యో, అందులో తప్పేముందే?"

"అది నా కన్ను."

మాస్టారు కాసేపు ఆ ఎర్రగీత వంక చూశాడు. ఆమె ఎదురుచూసింది. ఆ కాసేపూ నిజంగానే ఎదురుచూసింది.

"సరేలే," అన్నాడు చివరికి. "మరి ఆ చోటు ఖాళీగా వదల్లేంగా. ఇంకోటేదైనా చెప్పు."

ఆమె కలానికి మూత పెట్టి, ప్రూఫుల కట్ట ఆయన ఒళ్ళో పడేసి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఏడు గైడులో ఉపమ కింద ఉత్ప్రేక్ష, ఉత్ప్రేక్ష కింద ఉపమ అచ్చయ్యాయి. రెండు కళ్ళతోనూ ఆయనే దిద్దుకున్నాడు.