నేను రుబ్బిన ఖీమా

ఆ ఆదివారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా వంటింట్లో ఫుడ్ ప్రాసెసర్ బటన్ నొక్కాను. దానికి మా చుట్టాలు నన్ను ఇప్పటికీ వదల్లేదు. మీరూ వదలరు, వినండి.

అమ్మ పోయి నాలుగు నెలలైంది. నాన్నగారు రెండు ముద్దలు కెలికి కంచం ముందు నుంచి లేచిపోయేవారు. ఆయన పుట్టినరోజుకైనా కడుపునిండా తినిపించాలని అమ్మ చేసే ఖీమా ఉండల కూర తలపెట్టాను. అమ్మ మాంసాన్ని చెక్కమొద్దు మీద పెట్టి కత్తితో గంటసేపు కొట్టేది. నాకంత ఓపికా లేదు, ఆ చెయ్యీ లేదు. తమ్ముడు కువైట్ నుంచి తెచ్చిన యంత్రం మాత్రం ఉంది.

మేకమాంసం మొత్తం ఒకేసారి అందులో కుక్కాను. యంత్రం ఎడ్లు మొరాయించిన బండిలా మూలిగిందే కాని కదల్లేదు. తిరగని గిన్నెను చూస్తే కోనసీమవాడికి తోచే ఉపాయం ఒక్కటే. కొబ్బరిపచ్చడికి పోసినట్టు కాసిని నీళ్లు పోశాను. హాయిగా తిరిగింది. ఆ హాయిలో ఆపడం మరిచిపోయాను. మూత తీస్తే గులాబీరంగు పచ్చడి, తాలింపు పెట్టడమే తరువాయి.

అంతలో కాట్రేనికోన నుంచి పిన్ని వచ్చింది. గిన్నెలోకి చూసి, గరిటెతో ఒకసారి కలిపి పైకెత్తింది.

"ఏంట్రా ఇది?"

"ఖీమా పిన్నీ."

"ఆయ్. నీళ్లెందుకు పోసేవు?"

"తిరగలేదు."

"మీ అమ్మ కత్తి తెగకపోతే నీళ్లు పోసేదేంట్రా?"

ఉండ చేయబోతే వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. నాన్నగారికి మళ్లీ రెండు ముద్దలే రాసిపెట్టి ఉన్నాయనుకున్నాను. పిన్ని కూర ఊసు వదిలేసి, శనగపిండి, ఉల్లిపాయలు కలిపి, అరిటాకు మీద తట్టి నూనెలో వేసింది.

చర్చిలో ప్రార్థన ముగించి, పుట్టినరోజని పిలిచిన పాస్టరుగారు భోజనానికి వచ్చారు. ఒకటి తిని, రెండోది అందుకుంటూ మెచ్చుకున్నారు.

"గారెలు బాగా కుదిరేయండి. ఏ పప్పండీ ఇది?"

నేను పిన్ని వైపు చూశాను. పిన్ని పొయ్యి వైపు చూసింది. జవాబు నాన్నగారి దగ్గరి నుంచి వచ్చింది.

"మేకపప్పండి. మావాడు రాత్రే నానబెట్టేడు."

చెప్పి, తన మాటకు తనే నవ్వారు. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వారు. నాలుగు నెలల తర్వాత, అడిగి మరీ వడ్డించుకుని తిన్నారు.

ఆ సాయంత్రం పిన్ని నాచేత పొయ్యి ముందు ప్రమాణం చేయించింది. ఆ గారెలు మళ్లీ ఎప్పుడని నాన్నగారు అడుగుతూనే ఉంటారు. అయినా మాట మాటే. మా ఇంట్లో ఇప్పుడు మాంసం రుబ్బడం లేదు.