క్యుబెక్ మెట్ల మీద

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అనేవాళ్లు. అది పిడికిళ్లలో కూడా ఉంటుందని క్యుబెక్ సిటీలో తెలిసింది.

2006 చలికాలంలో నేనూ నా రూమ్‌మేటూ అమెరికాలో మేముండే ఐసెలిన్ నుంచి కారులో కెనడాలోని ఆ ఫ్రెంచి ఊరు చూడటానికి వెళ్లాం. నా పాస్‌పోర్టులో అమెరికా వీసా గడువు అప్పటికే అయిపోయింది. అయినా అమెరికాలో దిగినప్పుడు పాస్‌పోర్టుకి పిన్ను కొట్టి ఇచ్చే ఐ-94 అనే తెల్ల కార్డు దగ్గరుంటే కెనడా వెళ్లి నెలలోపు తిరిగి రావచ్చు. అది లేకపోతే ఇక ఇంతే సంగతులు. పై సోమవారం నా మొదటి ఉద్యోగంలో చేరాలి.

రాతి వీధులు, రంగు తలుపులు, బేకరీల వాసన. ఊరు నిజంగా ముద్దొచ్చేలా ఉంది. కింది బజారుకు దిగే మెట్ల మీద ఫొటో తీస్తుంటే జేబులోంచి పాస్‌పోర్టు జారిపడింది. తీసి చూస్తే అందులో కార్డు లేదు, పిన్ను మాత్రమే ఉంది.

బోర్డర్‌లో నేను బాత్‌రూమ్‌కి వెళ్లినప్పుడు, నా రూమ్‌మేట్ మా ఇద్దరి కార్డులూ పీకి కెనడా ఆఫీసర్‌కి ఇచ్చేశాడట. ఇండియా వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఇచ్చేస్తాం కదా, ఇదీ అంతే అనుకున్నాడట. వాడి వీసాకి ఇంకా రెండేళ్లుంది.

చెంప మీద కొట్టాను. కళ్లజోడు ఎగిరిపడి పగిలింది. వంగబోతుంటే కాలర్ పట్టుకుని రెయిలింగ్‌కేసి బాదాను. పెదవి చిట్లి మంచు మీద నెత్తురు పడింది. వాడు చెయ్యెత్తలేదు. అది చూసి నాకు ఇంకా ఒళ్లు మండింది. పొట్టలో గుద్దాను. కొట్టులోంచి ఒక ముసలాయన అరుస్తూ వచ్చి నన్ను లాగేదాకా కొడుతూనే ఉన్నాను. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, కొడుతున్నంతసేపూ హాయిగా ఉంది.

కళ్లజోడు లేని వాణ్ని ఎక్కించుకుని నేనే డ్రైవ్ చేశాను. కెనడా చెక్‌పోస్టులో అడిగితే, సొరుగులోంచి తీసి పది నిమిషాల్లో కార్డులు చేతిలో పెట్టారు. అంతే, దానికోసమే అంత కొట్టాను.

అమెరికా ఆఫీసర్ వాడి పెదవి చూసి, వాణ్ని ఒక్కణ్నే కౌంటర్ దగ్గరికి పిలిచాడు. నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. వాడి ఒక్క మాట చాలు, ఉద్యోగం, అమెరికా అన్నీ గోవిందా. మంచులో మెట్ల మీద జారానని వాడు చెప్పాడు.

కారులో సారీ చెప్పాను. వాడు కిటికీలోంచి చూస్తూనే అన్నాడు:

"కార్డు ఇచ్చుడు నా తప్పే. అందుకే చెయ్యి లేపలే, ఆఫీసర్‌కి చెప్పలే. ఇగ నువ్వు వేరే రూమ్ చూస్కో."

సోమవారం ఉద్యోగంలో చేరాను. ఆ సాయంత్రమే గది ఖాళీ చేశాను.