మీరు నొక్కండి, మీరే నొక్కండి

మొత్తం పోయినవి ఇవి: మా బావగారి చెరువులో రొయ్యలు ముట్టని మేత రెండు బస్తాలు, నా ఆదివారాలు నాలుగు, నా ప్రోగ్రాంలో నాకు తెలియని ముక్క లేదన్న గర్వం. చివరిది తూకానికి రాదు కాబట్టి అంకె వేయలేదు.

రొయ్యల చెరువుకు రోజూ ఎంత మేత వేయాలో చెప్పే ప్రోగ్రాం నాది. పాలకొల్లులో ఎరువుల కొట్టు నడుపుకుంటూ, పుస్తకాలు చూసి నేర్చుకున్న సి భాషలో రాశాను. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్చవచ్చు అని ఇంటర్నెట్‌లో పెట్టాను. నిడదవోలు నుంచి ఒక లెక్కల లెక్చరరుగారు, రొయ్యలు సరిగ్గా తినని మబ్బు రోజుల్లో మేత తగ్గించే భాగాన్ని రస్ట్ అనే కొత్త భాషలో రాసి పంపారు. బాగానే ఉంది. నాకు రస్ట్ రాదు.

"కొత్త భాష తెచ్చినవాళ్ళే దాన్ని చూసుకోవాలండి" అన్నాను ఫోన్‌లో. "మధ్యలో మీరు మానేస్తే నా గతేంటి?"

"ఆయ్, చూసుకుంటానండి. మరి నేను జ్వరమొచ్చి పడుకుంటేనో? రెండో మనిషి ఉండాలి కదండీ. మీరు నేర్చేసుకోండి" అన్నారు ఆవిడ.

ఆదివారాలు అక్కడ పోయాయి. బాధ్యత చెరిసగం అనుకున్నాం. ఏ సగం ఎవరిదో అనుకోలేదు.

మబ్బు పట్టింది. మేత తగ్గలేదు. తప్పు ఒక్క వరుసలోనే ఉంది. ఆవిడ వెంటనే దిద్దారు, నేను సరిచూశాను. ఇక మెర్జ్ బటన్ నొక్కితే దిద్దుబాటు ప్రోగ్రాంలో కలిసిపోతుంది. ప్రోగ్రాం నాది కదా అని ఆవిడ నొక్కలేదు. భాష ఆవిడది కదా అని నేను నొక్కలేదు.

మూడో రోజు బావగారు కొట్టుకొచ్చారు. మేత అమ్మేవాడి మాట మానేసి నా లెక్క ప్రకారం వేస్తున్న మొదటి మనిషి ఆయన.

"మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే పైకి లాగితే మేత వేసింది వేసినట్టే ఉంది. నీళ్ళు పాడైతే పంట పోద్ది. ఇవాళ బాగవకపోతే నీ ప్రోగ్రాం ఫోన్లోంచి తీసేస్తాను."

లెక్చరరుగారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"ప్రోగ్రాం మీదండి, మీరు నొక్కండి" అన్నారు ఆవిడ.

"అయ్యో, రస్ట్ మీదండి. మీరే నొక్కండి."

"పెద్దవారు మీరుండగా నేనాండీ?"

బావగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. "ఏంటి బామ్మర్దీ, పెళ్ళి భోజనాలా ఇవి? ఆ బటనేదో నాకు చూపించు. నా రొయ్యలకి మర్యాదలక్కర్లేదు."

చూపించాను. ఆయనే నొక్కారు. ఫోన్‌లోంచి నవ్వు వినిపించింది.

"కాలవ నీళ్ళకి వంతులేసుకోమా? మన వంతు రోజున పక్క చేనువాణ్ణి అడిగి మన చేలోకి నీళ్ళ బోదె విప్పుతామా?" అన్నారు బావగారు లేస్తూ.

మర్నాటి నుంచి చెరువులో మేత మిగల్లేదు. మాకూ వంతులొచ్చాయి: ఒక వారం ఆవిడది, ఒక వారం నాది. ఎవరి వారంలో వాళ్ళు రెండు భాషల్లో వచ్చిన దిద్దుబాట్లూ చూడాలి, ఎవరినీ అడగకుండా నొక్కాలి. ఆవిడ వారంలో ఏదీ మిగలదు. నా వారంలో సి భాషవి ముందు తెమిలిపోతాయి, రస్ట్‌వి ఎందుకో వెనకబడతాయి. ఆవిడ గుర్తుచేస్తూనే ఉంటారు, ఎంతో మర్యాదగా. ఈ పూటకి నేను చూడాల్సిన రస్ట్‌వి పదకొండు.