ఇంటిపేరు లేని ఫ్యాక్టరీ

ఎనభైలలో అరవనాట, సేదరపేట్‌లోని ఒక నూలు ఫ్యాక్టరీలో కోబాల్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఒక ఏడు యజమాని రాజమండ్రి వైపు నుంచి ఒక ఆఫీసర్ని తెచ్చుకున్నాడు. ఆయనతోపాటు కొత్త కంప్యూటరూ, పాస్కల్ అనే కొత్త భాషా దిగాయి.

"ఇంకా కోబాలేనా అండీ? టీ చల్లారేలోపు మాది పని తేల్చేస్తుంది" అన్నాడాయన, నా పాత మిషన్ మీద చెయ్యానించి. కొత్త మిషన్ మీద ఏది ఎక్కించినా పరిగెడుతుంది. వేగం మిషన్‌ది, పొగరు ఈయనది! చెబితే వినే నాథుడేడీ?

యజమాని తరాలుగా ఇక్కడే ఉన్న మా బజారులోని తెలుగువాడే. "ఆయుధపూజకి కుటుంబానికో స్వీటు డబ్బా ఇస్తాం గదా, ఆ జాబితా ఇద్దరూ తీయండి. ఎవరి ప్రోగ్రాం గెలిస్తే వాళ్ళకి కుర్చీ. ఓడినోళ్ళు గోడౌనుకి పోవాల" అన్నాడు.

పాస్కల్ చిటికెలో డబ్బాల జాబితా ముద్రించింది. నా కోబాల్ కుటుంబానికొకటుండే రేషన్ కార్డు నంబర్లు సరిచూసుకుంటూ మధ్యాహ్నందాకా గొణిగింది. యజమాని కాగితాలు తిరగేయనైనా లేదు, నన్ను గోడౌనుకి పంపాడు.

పూజ రోజు గేటు దగ్గర గొడవే గొడవ. ఆఫీసరుగారి లెక్కలో ఒకే వీధి, ఒకే ఇనీషియల్ ఉంటే ఒకే కుటుంబం. ఆయన ఊళ్ళో పేరు ముందు అక్షరం ఇంటిపేరు మరి! ఇక్కడ అది తండ్రి పేరు, పెళ్ళయినామెకు మొగుడి పేరు. దాంతో మొగుడికొకటి, పెళ్ళానికొకటి వచ్చాయి. ఏ చుట్టరికమూ లేని పక్కింటివాళ్ళకు కలిపి ఒకటే వచ్చింది.

అయ్యగారు తప్పొప్పుకుంటారా? "ప్రోగ్రాం బాగానే ఉందండీ, వీళ్ళ పేర్లే బాగాలేవు. అందరి ఇంటిపేర్లూ రాసుకురండి" అని నన్నే తరిమాడు.

నూలు వడికే పెద్దామెను అరవంలో అడిగాను. అరవంలో ఇంటి పేరంటే కట్టిన ఇంటికి పెట్టి గోడ మీద రాసుకునే పేరే. ఆమె పకపకా నవ్వింది. "వాడగ వీడు తంబీ, దానికి పేరేంది?" అంది. వాడగ వీడంటే అద్దిల్లు. దాదాపు అందరిదీ అదే జవాబు. సరే మహాప్రభో, అడగమన్నారు, అడిగాను. చెప్పింది చెప్పినట్టు రాసిచ్చాను.

దీపావళికి పాస్కల్ మళ్ళీ టీ చల్లారేలోపే ముగించింది. ఇంటిపేరు అద్దిల్లు అన్నవాళ్ళంతా కలిసి వీధికొక కుటుంబం, కుటుంబానికొక డబ్బా.

యజమాని తానే గోడౌనుకి వచ్చాడు. "నీ కోబాల్ యాడుంది సామీ? రా, ఎక్కించు" అన్నాడు.

నా చేతిలో టీ ఇంకా వేడిగానే ఉంది. తాగి వస్తానన్నాను.