బుగ్గలో దాచిన గోలీ

మా చిన్నప్పుడు... అంటే సాయుధ పోరాటం రోజుల్లో... జ్వరమొచ్చిన పిల్లలు దవాఖానలోనే, పోలీసు ఎదుటే గోలీ మింగాలి. చేతికిస్తే అది దళాలకు చేరుతుందని పోలీసుల అనుమానం. రఘునాథపల్లి వైపు ఒక ఊళ్లో మా బాపు కంపౌండర్. డాక్టరు ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు. చుట్టుపక్కల పిల్లల రోగాలన్నీ బాపే చూసేవాడు.

కంపౌండర్ బిడ్డనని నాకెంత గీరో... దవాఖాన గడప మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ల మీద పెత్తనం చేసేదాన్ని.

ఒకరోజు తండా నుంచి ఒక తల్లి కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. నాకన్నా కొంచెం చిన్నది. చలిజ్వరంతో పుల్లలా అయిపోయింది. బాపు క్వినైన్ గోలీ సగానికి విరిచి ఆ పిల్ల నోట్లో వేశాడు. అబ్బ, ఆ చేదు పగవాళ్లకు కూడా వద్దు... నేనైతే బెల్లంముక్క చేతిలో పెడితే తప్ప నోరు తెరిచేదాన్ని కాదు. ఆ పిల్ల మాత్రం మొహం చిట్లించలేదు. నీళ్లిస్తే తాగలేదు.

బెంచీ మీద కూర్చున్న పోలీసు "నీ పేరేంది పిల్లా?" అని ముద్దుగానే అడిగాడు. పిల్ల పలకదు. తల్లి వైపే చూస్తోంది. పెదవుల మూల నుంచి చొంగ కారుతోంది.

"నోరు తెరిపించు" అన్నాడు బాపుతో.

బాపు తెరిపించాడు. గోలీ బుగ్గలో ఉంది... అంచులు కరిగి.

తల్లి బాపు కాళ్ల మీద పడింది. "ఇద్దరికి జరమే సాబ్. చిన్నోడు ఇంటికాడ లేస్తలేడు. వానికోసమని నేనే దాచుకోమన్న. ఇద్దర్ని ఎత్తుకొని గింత దూరం ఎట్ల రావాలె? జర ఒక్క గోలి ఇయ్యి."

"నా చేతిల లేదమ్మా. వాణ్ని గూడ తీసుకరా, ఈడనే మింగిస్త" అన్నాడు బాపు, పోలీసు వైపు చూస్తూ. అని, గోలీని వేలితో ఆ పిల్ల గొంతులోకి నెట్టాడు.

ఆమె లేచి పిల్లను ఎత్తుకుంది. పోతూ పోతూ నా దగ్గర ఆగింది. "గీమె నీ బిడ్డనా సాబ్? జరమొస్తే గీమెకు గూడ గిట్లనే మింగిస్తవా?"

బాపు చేతులు తుడుచుకుంటూ లోపలికి పోయాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా ఇంటి గూట్లో సీసాలో గోలీలున్నాయి. ఆ సంగతి ఆమెకు తెలియదు... నాకు తెలుసు.

మర్నాడు వాళ్లు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఒక పూట అన్నం ముందు కూర్చుని బాపు, "నౌకరి పోతే మన గతేంది?" అన్నాడు అమ్మతో. అమ్మ ఆయన కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు... అందుకే ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా బాపు చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. ఆ వానాకాలమే నాకూ చలిజ్వరం వచ్చింది. అమ్మ గూట్లోంచి గోలీ తీసి బెల్లంతో ఇచ్చింది. సిగ్గుతో చచ్చిపోతూనే మింగాను... బతకాలని ఉండి మింగాను.

ఇప్పుడు మా మునిమనవడి ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, ఒక్క ఫోనుకు మందుల షాపు నుంచి సంచెడు మందులు ఇంటికే వస్తున్నాయి. తీయటి సిరప్పు వాడికి బతిమాలి పట్టిస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి...

మీ ఇళ్లలో అవ్వలు, తాతలు ఆనాటి జ్వరాల గురించి ఏం చెప్పేవారో రాయండి, అన్నీ చదువుతాను. మా వైపు తండాల వాళ్లు ఎవరైనా ఇది చూస్తే మాత్రం... ఆ చిన్నోడు బతికాడా? అదొక్కటి చెప్పండి.